ప్లగ్గు తీయాలా, ఉంచాలా?

లాప్‌టాప్‌కి ఎప్పుడూ ఛార్జరు పెట్టే ఉంచితే బ్యాటరీ పాడవుతుందా?

ఈ ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. నూరు శాతం నిండగానే ప్లగ్గు పీకెయ్యమని దుకాణదారు అంటాడు. ఎప్పుడూ పెట్టే ఉంచండి, ఏమీ కాదని ఆఫీసులో ఐటీ విభాగం వాళ్లు భరోసా ఇస్తారు. నెలకోసారైనా పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపాలని ఇంకొకరి సలహా. ఎవరి మాట వినాలో తెలియక చాలామంది ఏ మాటా వినకుండా ఊరుకుంటారు.

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగుల్లో, డీటీపీ సెంటర్లలో, హాస్టల్ గదుల్లో లాప్‌టాప్‌ని బల్ల మీద నుంచి కదపనివాళ్లు ఎందరో. వాళ్లకు బ్యాటరీ సంగతి కరెంటు పోయిన రోజున గాని గుర్తుకు రాదు. కొన్నప్పుడు నాలుగైదు గంటలు నడిచినది మూడేళ్ల తర్వాత అరగంటకే ఆగిపోతుంది. అప్పుడు వాళ్ల నోట వచ్చే మాట ఒకటే: “నేను బ్యాటరీ వాడనే లేదు కదా, ఎలా అరిగింది?”

చాలా తెలివైన ప్రశ్న ఇది. దీనికి జవాబు దొరికితే పై మూడు సలహాల్లో ఏది ఎంతవరకు నిజమో దానంతటదే తేలిపోతుంది. జవాబు కోసం ముందు బ్యాటరీ లోపలికి వెళ్లాలి.

రేకుల మధ్య లిథియం

ఆత్రేయపురం పూతరేకును తలుచుకోండి. కాగితం కన్నా పల్చని బియ్యప్పిండి రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య బెల్లం పొడి. నేటి లాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలో రెండు ధ్రువాలూ ఇలాంటి రేకుల దొంతరలే. రుణధ్రువం వైపు గ్రాఫైట్ రేకులు. అంటే పెన్సిల్ ముల్లులో ఉండే కర్బనమే. ధనధ్రువం వైపు కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్ రేకులు. ఈ రేకుల మధ్య బెల్లం పొడిలా సర్దుకుని ఉండేది లిథియం. రెండు దొంతరల నడుమ ఒక ద్రవం. లిథియం అయాన్లు అటూ ఇటూ తిరగడానికి అదే దారి. దాన్ని విద్యుద్విశ్లేష్యం అంటారు. వాడుకలో ఎలక్ట్రోలైట్.

ఛార్జరు పెట్టగానే ఆక్సైడ్ రేకుల మధ్య ఉన్న లిథియం అయాన్లు బయటికి వచ్చి, ద్రవాన్ని దాటి, గ్రాఫైట్ రేకుల మధ్య దూరతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయటి తీగ గుండా అదే వైపుకు చేరతాయి. ఛార్జరు తీసి వాడుకుంటున్నప్పుడు రెండూ వెనక్కి మళ్లుతాయి. కాబట్టి ఛార్జి నిండడమంటే బయటి నుంచి ఏదో వచ్చి లోపల నిల్వ కావడం కాదు. లోపల ఉన్న లిథియమే ఈ దొంతర లోంచి ఆ దొంతర లోకి మారడం. ఆ లిథియం ఫ్యాక్టరీలో ఎంత పోశారో అంతే. తర్వాత కొత్తగా వచ్చి చేరేది ఏదీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మున్ముందు దీనితో పని ఉంది.

ఈ రూపం ఒక్క రోజులో రాలేదు. రేకుల మధ్య లిథియాన్ని దూర్చి తీసే పద్ధతితో 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ బ్యాటరీ తయారుచేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం 1980లో కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధనధ్రువంగా నిలబెట్టింది. జపాన్‌లో అకిరా యోషినో 1985లో లిథియం లోహం బదులు కర్బన పదార్థాన్ని వాడి దాన్ని క్షేమకరం చేశారు. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు నూరు శాతం నిండిన బ్యాటరీని ఊహించండి. గ్రాఫైట్ రేకుల మధ్య లిథియం కిక్కిరిసి ఉంటుంది. ప్రతి ఆరు కర్బన పరమాణువులకు ఒక లిథియం చొప్పున చేరేసరికి ఆ దొంతర సుమారు పది శాతం ఉబ్బుతుంది. అవతలి వైపు ఆక్సైడ్ రేకులు వెలితి పడి ఉంటాయి. కోబాల్ట్ ఆక్సైడ్ నుంచి సుమారు సగం లిథియాన్ని మాత్రమే భద్రంగా బయటికి లాగవచ్చు. అంతకు మించి లాగితే, బెల్లం దులిపేసిన పూతరేకులాగా రేకుల అమరిక పట్టు తప్పుతుంది. అందుకే చాలాకాలం పాటు ఒక్కో సెల్‌కు 4.2 వోల్టులను హద్దుగా పెట్టుకున్నారు. కొత్త రకాల్లో ఆ హద్దును ఇంకాస్త పైకి జరిపారు.

అంటే నూరు శాతం అన్నది బ్యాటరీకి సుఖంగా ఉండే స్థితి కాదు. భద్రంగా తట్టుకోగల గరిష్ఠ స్థితి.

నిండిన తర్వాత కరెంటు ఎటు పోతుంది?

రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే కరెంటు ఇంకా ఇంకా లోపలికి పోయి బ్యాటరీ పొంగిపోతుందని చాలామంది భయం. ఈ భయానికి ఆధారం లేదు.

లాప్‌టాప్‌లో ఛార్జింగ్‌ని అదుపు చేసే చిప్పు ఒకటి ఉంటుంది. మొదట అది నిలకడగా కరెంటు పంపి బ్యాటరీని చాలావరకు నింపుతుంది. వోల్టేజీ హద్దుకు చేరగానే దాన్ని అక్కడే నిలిపి, కరెంటును మాత్రం క్రమంగా తగ్గించుకుంటూ వస్తుంది. తొంభై దాటాక చివరి పది శాతం నిండడానికి అంతసేపు పట్టేది అందుకే. నిండిన తర్వాత ఛార్జింగ్ పూర్తిగా ఆపేస్తుంది. అప్పటినుంచి లాప్‌టాప్‌కి కావలసిన కరెంటు అడాప్టర్ నుంచే వస్తుంది. బ్యాటరీ పక్కన ఊరకే ఉంటుంది. కొన్ని రోజులకు తనంతట తాను నాలుగైదు శాతం తగ్గితే చిప్పు మళ్లీ కాస్త నింపి ఆపుతుంది. తెర మీద కొన్నిసార్లు ‘ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’ అని కనిపిస్తుంది. అది చూసి ఛార్జరు పాడైందని కంగారు పడేవాళ్లున్నారు. చాలాసార్లు అది చిప్పు తన పని తాను చేస్తోందనడానికి గుర్తు.

ఇంట్లో ఇన్వర్టర్‌కి ఉండే సీసం బ్యాటరీ తీరు వేరు. అది నిండిన తర్వాత కూడా సన్నగా కరెంటు అందుతూ ఉంటుంది, దాన్ని అది తట్టుకుంటుంది. లిథియం బ్యాటరీకి అది పనికిరాదు కాబట్టే నిండగానే కోసేసే ఏర్పాటు చేశారు.

ఒక మినహాయింపు ఉంది. వీడియో ఎడిటింగ్, పెద్ద గేములు వంటి బరువైన పనులు పెట్టినప్పుడు అడాప్టర్ ఇచ్చేది చాలకపోతే కొన్ని లాప్‌టాప్‌లు ఆ కొరతను బ్యాటరీ నుంచి తీసుకుంటాయి. ప్లగ్గు పెట్టే ఉన్నా శాతం నెమ్మదిగా తగ్గుతుంటే కారణం ఇదే కావచ్చు. తక్కువ వాట్ల వేరే ఛార్జరు వాడేవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

మరి ఛార్జింగ్ ఆగిపోయి, బ్యాటరీ ఊరకే ఉంటే అది ఎందుకు అరగాలి?

వాడకపోయినా తరిగే ఆయుష్షు

బ్యాటరీకి రెండు రకాల అరుగుదల ఉంది. నింపడం, ఖాళీ చేయడం వల్ల వచ్చేది ఒకటి. దీన్ని సైకిళ్లలో లెక్కిస్తారు. మొత్తం నూరు శాతం వాడితే ఒక సైకిల్. రెండు రోజుల్లో యాభై, యాభై చొప్పున వాడినా కలిపి ఒక్క సైకిలే. రెండోది కేవలం కాలం గడవడం వల్ల వచ్చేది. దీన్ని కాలక్షయం అనుకుందాం. ప్లగ్గు తీయని లాప్‌టాప్‌కి మొదటి అరుగుదల దాదాపు ఉండదు. దాన్ని తినేది రెండోదే.

కాలక్షయం ఎలా జరుగుతుందో చూద్దాం. నిండిన గ్రాఫైట్ పక్కన ఆ ద్రవం నిలకడగా ఉండలేదు. తాకినచోట విరిగిపోయి, రేకుల మీద సన్నటి పొరగా పేరుకుంటుంది. ఎమాన్యుయెల్ పెలెడ్ అనే శాస్త్రవేత్త 1979లో దీనికి సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్ అని పేరు పెట్టారు. మనం కవచపొర అందాం. ఈ పొర మొదట మేలే చేస్తుంది. లిథియాన్ని పోనిస్తూ, మిగిలిన ద్రవం గ్రాఫైట్‌ను తాకకుండా అడ్డుకుంటుంది. ఇది లేకపోతే బ్యాటరీ కొద్ది రోజులు కూడా నిలవదు. ఫ్యాక్టరీలోనే మొదటి ఛార్జింగ్‌ను జాగ్రత్తగా చేసి ఈ పొరను కట్టిస్తారు.

చిక్కేమిటంటే ఈ పొర పెరగడం అక్కడితో పూర్తిగా ఆగదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా దళసరి అవుతూనే ఉంటుంది. పెరిగిన ప్రతిసారీ కొంత లిథియాన్ని తనలో బంధించుకుంటుంది. ఫ్యాక్టరీలో పోసిన లిథియం తప్ప కొత్తది రాదని ఇందాక అనుకున్నాం. కాబట్టి బంధించుకున్నంత మేరా సామర్థ్యం శాశ్వతంగా పోయినట్టే. అవతల ఆక్సైడ్ వైపు కూడా నష్టం ఉంది. లిథియం తగ్గి వెలితి పడిన ఆక్సైడ్ తన పక్కన ఉన్న ద్రవం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. ద్రవం చెడి వాయువులు పుడతాయి. లోహం కొద్దికొద్దిగా కరిగి ద్రవంలోకి దిగుతుంది.

ఈ రెండు నష్టాలూ వోల్టేజీ ఎక్కువగా ఉన్నప్పుడు వేగంగా జరుగుతాయి. అంటే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. ప్లగ్గు పెట్టే ఉంచిన లాప్‌టాప్ రోజుల తరబడి, నెలల తరబడి ఉండేది సరిగ్గా ఆ స్థితిలోనే. వాడని బ్యాటరీ ఎలా అరిగిందన్న ప్రశ్నకు జవాబు ఇదే. వాడకపోవడం దాన్ని కాపాడలేదు. నిండుగా నిలిపి ఉంచడం దాన్ని తిన్నది.

ఎంత చిన్న నష్టం ఎంత పెద్దదవుతుందో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం చేసిన పని చూస్తే తెలుస్తుంది. బ్యాటరీ ఎన్నేళ్లు నిలుస్తుందో తెలుసుకోవడానికి ఏళ్లు ఆగనక్కర లేకుండా, ఒక్కో ఛార్జింగ్‌లో లోపలికి వెళ్లిన విద్యుదావేశం ఎంత, తిరిగి వచ్చింది ఎంత అని అతి కచ్చితంగా కొలిచే పరికరాలు వారు నిర్మించారు. లెక్క సులభం. ప్రతిసారీ వెయ్యిలో ఒక వంతు తిరిగి రాకపోతే, 500 సైకిళ్లకు మిగిలేది 60 శాతం చిల్లర. పదివేలలో ఒక వంతు మాత్రమే పోతే 95 శాతం మిగులుతుంది. బ్యాటరీ ఆయుష్షు ఈ దశాంశాల్లో ఉంది.

వేడి తోడైతే

రసాయన చర్యలు వేడికి వేగం పుంజుకుంటాయని స్వీడన్ శాస్త్రవేత్త అర్హేనియస్ 1889లోనే సూత్రం చెప్పారు. చాలా చర్యల విషయంలో ప్రతి పది డిగ్రీలకు వేగం సుమారు రెట్టింపు అవుతుందని మోటుగా లెక్క వేసుకోవచ్చు. కవచపొర పెరగడం కూడా రసాయన చర్యే.

బ్యాటరీ ఇంజనీర్లలో బాగా ప్రచారంలో ఉన్న ఒక అంచనా చూడండి. బ్యాటరీని 40 శాతం ఛార్జితో, 25 డిగ్రీల దగ్గర ఏడాది ఊరకే ఉంచితే సామర్థ్యంలో సుమారు 96 శాతం మిగులుతుంది. అదే వేడిలో నూరు శాతం నింపి ఉంచితే మిగిలేది సుమారు 80. వేడిని 40 డిగ్రీలకు పెంచితే మొదటిది 85కు, రెండోది 65కు దిగుతాయి. బ్యాటరీ రకాన్ని బట్టి, తయారీని బట్టి ఈ అంకెలు మారతాయి. కానీ అవి చూపించే దిశ మారదు. నిండుదనం ఒక్కటే ఉంటే ఒక నష్టం, వేడి ఒక్కటే ఉంటే ఒక నష్టం. రెండూ కలిస్తే పెద్ద దెబ్బ.

మన ఊళ్లలో ఈ సంగతి మరీ పట్టించుకోవాలి. 35 డిగ్రీలు దాటిన పరిసరాల్లో వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థ తన వినియోగదారులను హెచ్చరిస్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఏసీ లేని గదిలో ఫ్యాను కింద కూర్చున్నా ఆ 35 హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పైగా లాప్‌టాప్ లోపల ప్రాసెసర్ పుట్టించే వేడి దీనికి అదనం. బ్యాటరీ దాని పక్కనే ఉంటుంది.

అందుకే పరుపు మీద, దిండు మీద లాప్‌టాప్ పెట్టి పనిచేయడం మంచిది కాదు. అడుగున ఉన్న గాలి కన్నాలు మూసుకుపోయి వేడి లోపలే నిలిచిపోతుంది. గట్టి బల్ల మీద, వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉండేలా పెడితే చాలు. కన్నాల్లో చేరిన దుమ్మును ఏడాదికోసారి శుభ్రం చేయించాలి. ఎండలో నిలిపిన కారులో లాప్‌టాప్ వదిలి వెళ్లకూడదు.

పాత సలహా ఎక్కడిది?

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. వాటిని సగంలో ఆపి మళ్లీ మళ్లీ నింపుతూ ఉంటే, ఆ సగం దగ్గరకు రాగానే వోల్టేజీ పడిపోయే లక్షణం కొన్ని పరిస్థితుల్లో కనిపించేది. పూర్తిగా ఖాళీ చేస్తే అది సర్దుకునేది. ఆ కాలానికి అది మంచి సలహాయే. బ్యాటరీ మారింది, సలహా మాత్రం మారకుండా మన దాకా వచ్చింది.

లిథియం బ్యాటరీకి పూర్తిగా ఖాళీ కావడం కూడా ఇబ్బందే. నిండా ఖాళీ చేసి నిండా నింపే పెద్ద సైకిళ్ల కన్నా, మధ్యలో కొద్దికొద్దిగా వాడుకునే చిన్న సైకిళ్లు తక్కువ అరగదీస్తాయి. సున్నాకు దిగిన లాప్‌టాప్‌ని నెలల తరబడి అలమరలో పడేస్తే వోల్టేజీ ఇంకా పడిపోయి, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి బ్యాటరీని మళ్లీ నింపడం ప్రమాదకరం కూడా. చాలాకాలం వాడబోమని తెలిస్తే సగం ఛార్జితో, చల్లటి చోట పెట్టాలి.

అప్పుడప్పుడు పూర్తి సైకిల్ నడిపితే ఒక్క ఉపయోగం ఉంది. తెర మీద శాతం చూపించే లెక్క తప్పుతూ ఉంటే అది సరిపడుతుంది. సరిపడేది లెక్కే, బ్యాటరీ బాగుపడదు.

ఎనభై దగ్గర ఆపండి

ఇంతకీ ప్లగ్గు తీయాలా, ఉంచాలా? ఉంచండి. కానీ నూరు దాకా నిండనివ్వకండి.

రోజంతా బల్ల మీదే వాడే లాప్‌టాప్‌కి ఇదే అన్నిటికన్నా మంచి ఏర్పాటు. ఎనభై దగ్గర ఆపితే సెల్ వోల్టేజీ 4 వోల్టుల చేరువకు దిగుతుంది. కవచపొర పెరుగుదల, ఆక్సైడ్ వైపు నష్టం రెండూ నెమ్మదిస్తాయి. సైకిళ్లు కూడా ఖర్చు కావు. ప్లగ్గు పెడుతూ తీస్తూ కాపలా కాయాల్సిన పనీ ఉండదు. కరెంటు పోయినా చేతిలో ఎనభై శాతం ఉంటుంది. ప్రయాణం ఉన్న ముందు రాత్రి హద్దు తీసేసి నూరుకు నింపుకోవచ్చు. ఒక పూట నిండుగా ఉన్నంత మాత్రాన కొంపలేమీ మునగవు. నెలల తరబడి అలా ఉండడమే చేటు.

ఈ సౌకర్యం ఇప్పటికే చాలా లాప్‌టాప్‌లలో ఉంది. లెనోవోలో ‘కన్జర్వేషన్ మోడ్’ పేరుతో ఉంటుంది. ఆసుస్‌లో కూడా ఛార్జింగ్‌కి హద్దు పెట్టుకోవచ్చు. డెల్‌లో ‘ప్రైమరిలీ ఏసీ యూజ్’ అన్న ఎంపిక ఉంది. హెచ్‌పీ యంత్రాలు చాలావాటిలో బయోస్ లోపల ‘బ్యాటరీ హెల్త్ మేనేజర్’ కనిపిస్తుంది. యాపిల్ 2020లో తన మ్యాక్‌లకు ఇలాంటి ఏర్పాటు చేర్చింది.

కార్ల కంపెనీలకు ఈ విద్య ముందే తెలుసు. జనరల్ మోటార్స్ 2010లో తెచ్చిన షెవర్లే వోల్ట్ కారులో 16 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పెట్టి, అందులో సుమారు 65 శాతాన్ని మాత్రమే వాడుకోనిచ్చింది. పైనా కిందా వదిలేసిన జాగా వృథా కాదు, బ్యాటరీ ఆయుష్షు కోసం కట్టిన ధర.

మీ బ్యాటరీ ఇప్పుడు ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీయండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000, రెండోది 40,000 ఉంటే మీ బ్యాటరీలో 80 శాతం మిగిలినట్టు. చాలా యంత్రాల్లో పక్కనే సైకిల్ కౌంట్ కూడా ఉంటుంది. సైకిళ్లు కొద్దిగానే ఉండి సామర్థ్యం బాగా తరిగిపోయి ఉంటే, దాన్ని తిన్నది కాలక్షయమని మీకిప్పుడు తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. టచ్‌ప్యాడ్ పైకి లేస్తున్నా, అడుగు అట్ట ఉబ్బి లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా, లోపల వాయువులు చేరి బ్యాటరీ పొంగిందని అర్థం. వెంటనే ఛార్జరు తీసి, వాడకం ఆపి, తెలిసిన మెకానిక్‌కి చూపించాలి. దాన్ని నొక్కి సరిచేయాలని చూడకూడదు, గుచ్చకూడదు. తీసేసిన బ్యాటరీని చెత్తబుట్టలో పడేయకూడదు. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులది. దాన్ని సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.

బ్యాటరీ పోయిందని లాప్‌టాప్‌నే మార్చేసేవాళ్లున్నారు. అప్పు చేసి పిల్లల చదువు కోసం కొన్న యంత్రం రెండేళ్లు ముందుగా మూలపడటం చిన్న నష్టం కాదు. దాన్ని తప్పించే సెట్టింగు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అయినా కంపెనీలు దాన్ని ఎవరూ తెరవని మెనూల్లో దాచి ఉంచుతున్నాయి. తొలిసారి ఆన్ చేసిన రోజే “మీరు దీన్ని ఎక్కువగా ప్లగ్గుకు పెట్టే వాడతారా?” అని యంత్రమే అడగాలి. అలా అడిగే రోజు వచ్చేదాకా ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. కొత్త లాప్‌టాప్ కొంటున్నప్పుడు దుకాణంలోనే ఎనభై హద్దు పెట్టి ఇవ్వమని అడగండి. కాలేజీ ల్యాబులు చూసుకునేవారైతే మీ చేతిలో ఉన్న ప్రతి యంత్రానికీ ఈ వారమే ఆ పని చేయండి.